మన తీరంలో తిమిరి చేప

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "ముప్పై ఏళ్లు కాలేజీలో జువాలజీ చెప్పావు, ఏదైనా సైన్సు విషయం మాట్లాడు. పిల్లలకు నిద్ర రాకూడదు, పెద్దలకు విసుగు పుట్టకూడదు" అన్నాడు. షరతులు గట్టివే. బాగా ఆలోచించి, మన బడి గోడ దాటి అరమైలు నడిస్తే దొరికే ఒక చేప గురించి చెప్పాలని నిర్ణయించుకున్నాను. దాన్ని ఎవరూ కొనరు. కూరకు పనికిరాదు. సంతలో కనబడదు. మనలో చాలామంది పేరు కూడా విని ఉండరు. పల్లెవాళ్లకు మాత్రం బాగా తెలుసు. దాని పేరు తిమిరి.

ముందు ఆ చేపను మీ కళ్ల ముందు పెడతాను. టేకు చేపను మీరందరూ చూసే ఉంటారు. బల్లపరుపుగా, వెడల్పుగా, కొరడాలాంటి తోకతో ఉంటుంది. తిమిరి దానికి దూరపు చుట్టం. ముందు భాగం మందంగా పోసిన అట్టులా గుండ్రంగా ఉంటుంది, వెనక పొట్టి తోక ఉంటుంది. జానెడు నుంచి మూరెడు లోపే దాని పొడవు. రంగు తడి ఇసుకలా గోధుమ వన్నె, కొన్నింటి మీద మచ్చలు. పొలుసులు లేని మెత్తటి చర్మం. చిన్న కళ్లు. టేకు తోకకు ఉండే విషపు ముల్లు దీనికి లేదు. ఈతలో కూడా మందకొడి. లోతు తక్కువ నీళ్లలో ఇసుకలోనో బురదలోనో ఒళ్లు కప్పుకుని పడుకుంటుంది. నేలలో దొరికే పురుగులు, చిన్న చిన్న ప్రాణులు దాని ఆహారం. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది.

ముల్లు లేదు, పళ్లు పెద్దవి కావు, పరుగు లేదు. మరి ఇలాంటిది సముద్రంలో ఎలా బతుకుతోంది? దాని ఆత్మరక్షణ అంతా పేరులోనే ఉంది. ముట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. అది కరెంటు చేప.

మన తీరంలో ఇలాంటివి ఒకటి కంటే ఎక్కువ రకాలున్నాయి. వాటిలో రెండింటి శాస్త్రీయ నామాలు చెబుతాను. ఒకటి నార్సీన్ టిమ్లీ, దీనికి తోక మీద రెండు రెక్కలుంటాయి. రెండోది నార్కే డిప్టెరీజియా, దీనికి ఒకటే రెక్క. ఈ రెండింటినీ 1801లో బ్లాక్, ష్నైడర్ అనే జర్మన్ శాస్త్రవేత్తల పుస్తకం లోకానికి పరిచయం చేసింది. "నార్కే" అంటే గ్రీకు భాషలో ఏమిటో తెలుసా? తిమ్మిరి! నార్కోటిక్ అనే మాట కూడా అందులోంచి పుట్టిందే. లాటిన్‌వాళ్లు ఈ జాతి చేపను టార్పీడో అన్నారు. అది మొద్దుబారడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. యుద్ధనౌకల్ని ముంచే టార్పీడోకు ఈ చేప పేరే పెట్టారు. ఇంగ్లిషువాళ్లు నంబ్‌ఫిష్ అన్నారు, అంటే మళ్లీ తిమ్మిరి చేపే. ఒకరి భాష ఒకరికి తెలియని జాలర్లు, వేరు వేరు సముద్రాల ఒడ్డున నిలబడి, ఒకే చేపను ముట్టుకుని ఒకే పేరు పెట్టారు. కరెంటు అనే మాట పుట్టకముందే దాని పని ఏమిటో చెయ్యితో కనిపెట్టారు.

నాకు ఈ చేప పరిచయమైంది ఈ బడిలోనే. తొమ్మిదో తరగతిలో విద్యుత్తు పాఠం. మా సైన్సు మాస్టారు బల్ల మీద ఘటం పెట్టి, జింకు రేకు, రాగి రేకు ముంచి, కరెంటు ఎలా పుడుతుందో వివరిస్తున్నారు. నా పక్కన కూర్చునే కుర్రాడు పల్లె నుంచి వచ్చేవాడు. చలికాలంలో వాళ్ల నాన్నతో అలివి వల లాగి, కాళ్లకు ఇసుకతోనే బడికి వచ్చేవాడు. చదువులో వెనక బెంచీ అని పేరు. వాడు లేచి, "మాస్టారూ, తిమిరికి కూడా కరెంటుంటాది. తడిచేత్తో ముట్టుకుంటే మోచేతి దాకా జివ్వుమంటాది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "ఒరే, బతికున్నది ఒకటి పట్టుకు రాగలవా?" అన్నారు.

వాడు వారం తిరక్కుండా సముద్రపు నీళ్లున్న బకెట్టులో జానెడు తిమిరిని తెచ్చాడు. మాస్టారు ముందు తన చెయ్యి తడుపుకుని దాన్ని వీపు మీద నొక్కారు. ఉలిక్కిపడి చెయ్యి తీసేశారు. తర్వాత గాజు కడ్డీతో తాకారు, ఏమీ లేదు. ఇనుప గరిటెతో తాకారు, మళ్లీ జివ్వుమంది. "గాజులోంచి రాలేదు, ఇనుములోంచి వచ్చింది. చూశారా, ఇది కరెంటే" అన్నారు. ఆ తర్వాత మా ఇద్దరినీ పిలిచి తడిచేతులు కలపమన్నారు. ఒకడు పైన, ఒకడు కింద ముట్టుకున్నాం. దెబ్బ ఇద్దరికీ తగిలింది. ఆ రోజు హాజరు పట్టీ పక్కన పెట్టి, మాస్టారు పల్లె కుర్రాణ్ణి తన కుర్చీలో కూర్చోబెట్టి, ఆ చేప ఎక్కడుంటుంది, ఏ వలలో పడుతుంది, ఏ నెలలో ఎక్కువగా కనిపిస్తుంది అని ఒక్కొక్కటే అడిగి మా చేత రాయించారు. సాయంత్రం వాడే దాన్ని తీసుకెళ్లి నీళ్లలో వదిలాడు.

తర్వాత ఎమ్మెస్సీ చదివేటప్పుడు తెలిసింది, మా మాస్టారు చేసిన పరీక్షే రెండువందల ఏళ్ల క్రితం ఒక పెద్ద ప్రయోగమని. 1772లో జాన్ వాల్ష్ అనే ఆయన ఫ్రాన్స్ తీరంలోని లా రోషెల్‌కు వెళ్లి టార్పీడో చేపలతో ప్రయోగాలు చేశాడు. ఈయన మనకు కొత్తవాడేం కాదు. మద్రాసులో సెయింట్ జార్జ్ కోటలో పుట్టాడు, రాబర్ట్ క్లైవ్ దగ్గర కార్యదర్శిగా చేశాడు. అప్పటికి పిడుగూ విద్యుత్తే అని బెంజమిన్ ఫ్రాంక్లిన్ చెప్పి ఉన్నాడు. ప్రాణి ఒంట్లో కూడా విద్యుత్తు ఉంటుందంటే మాత్రం చాలామంది నమ్మలేదు. వాల్ష్ మనుషుల్ని వరసగా చేతులు పట్టుకుని నిలబెట్టి, ఆ గొలుసు గుండా చేప దెబ్బ పోతుందని చూపించాడు. చేప పైభాగం, కిందిభాగం రెండు ధ్రువాల్లా పనిచేస్తాయని తేల్చాడు. గాజు లాంటివి అడ్డుపెడితే దెబ్బ ఆగిపోతుందనీ నిరూపించాడు.

వాల్ష్ పంపిన చేపల్ని లండన్‌లో జాన్ హంటర్ అనే గొప్ప శస్త్రవైద్యుడు కోసి చూశాడు. తలకు రెండు పక్కలా మూత్రపిండం ఆకారంలో రెండు అవయవాలు కనబడ్డాయి. ఒక్కొక్క దాంట్లో తేనెపట్టు గదుల్లా నిలువు స్తంభాలు. ఒక పక్క 470 దాకా లెక్కపెట్టాడు. ఒక్కో స్తంభంలో ఒకదాని మీద ఒకటి నాణేలు పేర్చినట్టు పల్చటి బిళ్లలు. ఈ వివరాలు 1773లో అచ్చయ్యాయి. 1800లో ఇటలీకి చెందిన వోల్టా రాగి, జింకు, తడి అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి ప్రపంచంలో మొదటి బ్యాటరీ చేసినప్పుడు, దాన్ని కృత్రిమ విద్యుదవయవం అని పిలిచాడు, టార్పీడో చేపతో పోల్చాడు. ఇవాళ మీ జేబులో ఉన్న సెల్‌ఫోన్ బ్యాటరీ వంశవృక్షంలో తిమిరి బంధువు ఒకటి ఉందన్నమాట.

పిల్లల కోసం ఆ బిళ్లల సంగతి కొంచెం విడమరిచి చెబుతాను. ఆ బిళ్లలు కొత్త పదార్థమేమీ కావు. అవి పూర్వం కండరాలే. మన చెయ్యి కదలాలంటే నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బొట్టులా విడుదలవుతుంది. కండరం మీద దాని కోసమే కాచుకున్న గ్రాహకాలు ఉంటాయి. వీటిని తాళాలు అనుకోండి, ఆ రసాయనం తాళంచెవి. తాళం తెరుచుకోగానే కండరం లోపలికి, బయటికి విద్యుదావేశాలు కదులుతాయి, కండరం ముడుచుకుంటుంది. తిమిరి పూర్వీకుల్లో కొన్ని కండరాలు ముడుచుకునే పని మానేసి, ఆ కరెంటు పుట్టించే పని ఒక్కటే ఉంచుకున్నాయి. ఒక్కో బిళ్లలో పుట్టేది వోల్టులో పదోవంతు కూడా ఉండదు. వందల బిళ్లలు ఒకేసారి పలికితే దెబ్బ అవుతుంది. టార్చిలైటులో ఒకదాని వెనక ఒకటి సెల్లులు వేసినట్టే.

సముద్రపు చేపకూ, నది చేపకూ ఇక్కడ తేడా ఉంది. దక్షిణ అమెరికా నదుల్లో ఉండే విద్యుత్ ఈల్ పొడుగ్గా ఉంటుంది. దాని బిళ్లలు వేలకొద్దీ ఒకే వరసలో ఉంటాయి. మంచినీళ్లు కరెంటును సులువుగా పోనివ్వవు కాబట్టి దానికి పెద్ద వోల్టేజి కావాలి. 2019లో ఒక జాతిలో 860 వోల్టులు కొలిచారు. ఉప్పునీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది. అక్కడ ఎక్కువ వోల్టేజి అక్కరలేదు, ఎక్కువ ప్రవాహం కావాలి. అందుకే తిమిరికి పొడుగు వరస లేదు, పక్కపక్కనే పొట్టి స్తంభాలు చాలా ఉన్నాయి. మన తిమిరికి అమెరికా తీరంలో ఉన్న చుట్టం ఒకదానిలో 14 నుంచి 37 వోల్టుల దాకా కొలిచారు. మనిషిని చంపదు, పట్టుకున్న పెద్ద చేప నోరు మాత్రం తెరిపిస్తుంది. పాఠంలో మనం చదువుకున్న శ్రేణి సంధానం, సమాంతర సంధానం రెండూ సముద్రంలో, నదిలో ఈదుతున్నాయి.

ఇక మన ఊరివాళ్లకు గర్వకారణమైన సంగతి. పాట్రిక్ రస్సెల్ అని ఒక స్కాట్లండు వైద్యుడుండేవాడు. రక్తపింజరి పాముకు ఇంగ్లిషులో ఉన్న రస్సెల్స్ వైపర్ అనే పేరు ఆయనదే. ఆయన 1780ల్లో విశాఖపట్నంలో ఉన్నాడు. కంపెనీవాళ్ల తరఫున మొక్కలు, పాములు, చేపలు పరిశీలించాడు. జాలర్లు వలల్లో తెచ్చిన చేపల్ని చూసి, బొమ్మలు గీయించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాల పుస్తకం వేశాడు. విశాఖపట్నం దగ్గర సేకరించిన రెండువందల చేపల వర్ణన అది. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, చేపలకు జాలర్లు చెప్పిన తెలుగు పేర్లు అడిగి, తనకు వినబడినట్టు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకోవడం. ఆ పుస్తకంలో సొరలు, టేకులు, చందువలు, కచ్చిళ్లు అన్నీ ఉన్నాయి. ఆ పుస్తకం మొదట్లోనే ఉన్న చేప "టెమెరీ". దాని వెంటనే "నల్ల టెమెరీ". మన తిమిరి, నల్ల తిమిరి!

ఆ పేర్లు కొన్ని శాస్త్రంలోకి నేరుగా ఎక్కాయి. మనం పులుసు పెట్టుకునే కానాగంత, ఊరికో తీరుగా కనగర్త అని కూడా అంటాం, దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కనగుర్త. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా ఆ చేప ఎక్కడ దొరికినా, జపాన్ శాస్త్రవేత్త అయినా, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త అయినా రాయాల్సింది విశాఖ జాలరి చెప్పిన పేరే. అలాగే కట్లపాము జాతి మొత్తానికి శాస్త్రీయ నామం బంగారస్. రస్సెల్ తన పాముల పుస్తకంలో పసుపుపచ్చ పట్టీలున్న పామును "బంగారం పాము" అని తెలుగులో విన్నట్టు రాసుకున్నాడు. అందులోంచి వచ్చిందే ఆ పేరు.

తిమిరినీ, బంగారాన్నీ కలిపే ఒక కథ ఉంది. అది మా ఇంటి కథ కూడా.

మా అక్క ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. నలభై దాటాక ఆమెకు ఒక వింత జబ్బు వచ్చింది. పొద్దున బాగానే ఉండేది. మధ్యాహ్నానికి కనురెప్పలు వాలిపోయేవి. పాఠం చెబుతూ ఉంటే గంట తిరిగేసరికి గొంతు ముక్కులోంచి వచ్చేది. సాయంత్రం అన్నం నమలడం కూడా కష్టమయ్యేది. ఒక రాత్రి నిద్రపోయి లేస్తే మళ్లీ మామూలే. ఇంట్లో కొందరు బలహీనత అన్నారు, కొందరు దిష్టి అన్నారు, కొందరు పని తప్పించుకోడానికి అన్నారు. ఆ చివరి మాట ఆమెను జబ్బు కంటే ఎక్కువ బాధపెట్టింది. చివరికి ఒక నరాల డాక్టరు ఆమెను పైకి చూస్తూ ఉండమని చెప్పి, రెప్పలు మెల్లగా వాలడం గమనించి, "మయస్థీనియా గ్రావిస్ అయి ఉండొచ్చు" అన్నారు. రక్తపరీక్షకు పంపారు. ఆ పరీక్షలో వాళ్ల లెక్క తేలింది. ఎసిటైల్‌కోలిన్ గ్రాహకానికి ఎదురు తిరిగే యాంటీబాడీలు ఆమె రక్తంలో ఉన్నాయి. అంటే నరం తాళంచెవి పంపుతోంది, ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి తాళాలను పాడుచేస్తోంది.

ఈ సంగతి మనిషికి ఎలా తెలిసింది? ఆ తాళాలు మన కండరంలో చాలా కొద్దిగా ఉంటాయి. వేరు చేసి చూడటం కష్టం. కరెంటు చేపల అవయవాల్లో మాత్రం కుప్పలుగా ఉంటాయి, ఎందుకంటే ఆ అవయవం పని అదే కదా. సరే, కుప్పలోంచి వాటిని పట్టుకునేదెలా? 1963లో తైవాన్‌లో చాంగ్, లీ అనే శాస్త్రవేత్తలు అక్కడి కట్లపాము విషంలోంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. అది ఈ గ్రాహకానికి గట్టిగా అంటుకుని వదలదు. కట్లపాము కాటుకు మనిషి రెప్పలు వాలి, ఊపిరి ఆగడానికి ఇదీ ఒక కారణం. పాము జాతి పేరు బంగారస్ కాబట్టి ఆ పదార్థానికి బంగారోటాక్సిన్ అని పేరు వచ్చింది. 1970లో పారిస్‌లో షాంజే అనే శాస్త్రవేత్త ఆ విషాన్నే గాలంగా వాడి, విద్యుత్ ఈల్ అవయవం నుంచి గ్రాహకాన్ని గుర్తించాడు. తర్వాత టార్పీడో చేపలు ఆ పనికి ముఖ్యమైన ఆధారమయ్యాయి. 1982లో జపాన్‌లో నూమా బృందం టార్పీడో చేపలోని గ్రాహకపు జన్యువు వివరాలు చదివింది. 2005లో ఇంగ్లండులో అన్విన్ దాని ఆకారాన్ని దగ్గరగా చూపించింది కూడా టార్పీడో నుంచే.

ఈలోగా 1973లో అమెరికాలో పాట్రిక్, లిండ్‌స్ట్రమ్ అనే ఇద్దరు, విద్యుత్ ఈల్ గ్రాహకాన్ని కుందేళ్లకు సూదిమందుగా ఇచ్చారు. వాళ్లకు కావలసింది యాంటీబాడీలు. కొన్ని వారాలకు కుందేళ్లు మెడ నిలపలేక వాలిపోయాయి. మయస్థీనియా రోగులకు ఉపశమనమిచ్చే మందు ఇస్తే కాసేపు లేచి కూర్చున్నాయి. అలా ఈ జబ్బు మూలం బయటపడింది. మా అక్కకు చేసిన లాంటి రక్తపరీక్షలో కూడా గ్రాహకాలకు గుర్తుగా అంటించేది ఆ బంగారోటాక్సిన్‌నే. పాము పేరు తెలుగు, అది పట్టే తాళం వివరాలు తెలిసింది తిమిరి వంశం నుంచి. ఆ రెండు మాటలనూ మన తీరంలో విని కాగితం మీద పెట్టింది ఒకే మనిషి. వాటిని ఆయనకు చెప్పినవాళ్లు బడి గడప తొక్కనివాళ్లు.

మా అక్క మాత్రలు వేసుకుని మళ్లీ బడికి వెళ్లింది. ఉద్యోగ విరమణ దాకా పాఠం చెప్పింది. జబ్బుకు ఒక పేరు, ఒక కారణం దొరికిన రోజున ఆమె నాతో అన్న మాట ఒకటే. "తమ్ముడూ, నేను బద్ధకస్తురాలిని కానని ఆ కాగితం మీద రాసి ఉంది కదరా."

మిత్రులారా, ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంత చరిత్ర ఉన్న చేపకు ఈ రోజు మన రేవులో ఏ విలువా లేదు. నేల గీకుతూ పోయే ట్రాలు వలల్లో రొయ్యల కోసం వేటాడినప్పుడు ఇసుకలో పడుకున్న తిమిరి కూడా వస్తుంది. కొన్నింటిని చచ్చాక సముద్రంలోనే పారేస్తారు. కొన్ని చెత్త చేపల కుప్పలో కలిసి, ఎండి, కోళ్ల మేతకో చేపల మేతకో పొడిగా వెళతాయి. కాటా దగ్గర దాని పేరు విడిగా రాసేవాళ్లు లేరు. పేరు రాయకపోతే ఎన్ని ఉన్నాయో తెలియదు. ఎన్ని ఉన్నాయో తెలియకపోతే ఎన్ని తగ్గాయో తెలియదు. సొరలు, టేకులు, తిమిరులు ఒకే పెద్ద కుటుంబానివి. కవళ్లలా వేలకొద్దీ గుడ్లు పెట్టి ఏడాది తిరిగేసరికి నిండిపోయేవి కావు. కొద్దిపాటి పిల్లల్ని కని నెమ్మదిగా పెరిగేవి. ఒకసారి తరిగితే మళ్లీ కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది.

చేపతో పాటు పేరు కూడా తరుగుతోంది. ఈ సభ కోసం పల్లెలో నలుగురైదుగురు కుర్రాళ్లను అడిగాను. కొందరు "కరెంటు చేప" అన్నారు, కొందరు ఫోన్‌లో బొమ్మ చూసి "టేకు పిల్ల" అన్నారు. తాతలు మాత్రం వెంటనే "తిమిరి" అన్నారు. ఒక తాతయితే ఎక్కడ పడుకుంటుంది, ఏ గాలికి ఒడ్డుకు వస్తుంది అని పావుగంట చెప్పాడు. ఆయన చెప్పిందంతా ఏ పుస్తకంలోనూ లేదు. ఆయనకు ఎనభై దాటాయి.

అందుకే ఈ స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మనం కొత్త గేటు కట్టించాం, మంచినీళ్ల యంత్రం పెట్టించాం, చాలా సంతోషం. ఇంకొక పని చేద్దాం. మన బడి తరఫున "మన తీరం చేపల పుస్తకం" తయారు చేద్దాం. ఖర్చు పెద్దగా లేదు. నూరు నోటుపుస్తకాలు, రంగు పెన్సిళ్లు చాలు.

తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. పడవలు ఒడ్డెక్కి ఉంటాయి, తాతలు, తండ్రులు ఇంటి దగ్గర వలలు అల్లుకుంటూ ఉంటారు. సరిగ్గా అప్పుడే పిల్లలకు వేసవి సెలవులు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్లి, ఒక్కో చేపకు ఒక్కో పేజీ రాయాలి. చేప పేరు, ఆ పేరు ఎందుకొచ్చిందని పెద్దలు అనుకుంటారు, ఏ నెలలో, ఏ వలలో, ఎంత లోతులో పడుతుంది, మునుపటికీ ఇప్పటికీ ఎక్కువా తక్కువా, వండుకుంటారా, మందుగా వాడతారా. పేజీ కింద చెప్పినవాళ్ల పేరు తప్పకుండా ఉండాలి. రస్సెల్ పుస్తకం మీద రస్సెల్ పేరు ఉంది. మన పుస్తకంలో చెప్పిన ప్రతి తాతకూ, ప్రతి అమ్మమ్మకూ పేరు ఉండాలి. శాస్త్రీయ నామాలు సరిచూసే పని నాకు అప్పగించండి. నాకు ఇప్పుడు తీరికే తీరిక. విదేశాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులు కంప్యూటరు పని చూసిపెడితే, రెండేళ్లలో పుస్తకం అచ్చులోకి వస్తుంది.

గురువులకు ఒక విన్నపం. విద్యుత్తు పాఠం వచ్చినప్పుడు తిమిరి గురించి ఒక్క మాట చెప్పండి. కండరాల పాఠం వచ్చినప్పుడు ఇంకో మాట చెప్పండి. పల్లె నుంచి వచ్చే పిల్లవాడికి ఆ రోజు తన ఇంటి మాట పాఠంలో వినబడుతుంది. మా మాస్టారు ఒక గంటసేపు తన కుర్చీ ఇచ్చిన మా మిత్రుడు తర్వాత చదువు మానలేదు. మరపడవ యంత్రాల పని నేర్చుకున్నాడు, పిల్లల్ని చదివించాడు. వాడి మనవరాలు ఈ సభలో ముందు వరుసలోనే కూర్చుని ఉంది. వచ్చే ఏడు తొమ్మిదో తరగతి. పుస్తకంలో మొదటి పేజీ తనే రాస్తానని ఇందాక నాకు మాట ఇచ్చింది.

పల్లెలో ఉన్న మన మిత్రులకు కూడా ఒక మాట. అలివి వలలో తిమిరి బతికుండగా పడితే ఒడ్డున పడేయకండి. గరిటెతోనో కర్రతోనో కాదు, అలా చేస్తే దెబ్బ తగలొచ్చు, చేప చితకొచ్చు. చిన్న బుట్టలోకి తీసుకుని నీళ్లలో వదిలేయండి. దానితో మనకు వచ్చే రూపాయి ఎలాగూ లేదు. దానివల్ల పోయేది కూడా ఏమీ లేదు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. పిల్లలెవరూ నిద్రపోలేదు కాబట్టి మొదటి షరతు నెగ్గినట్టే.